వంద రూపాయలే కదా

2023 ఆగస్టులో షికాగో దగ్గర ఒలింపియా ఫీల్డ్స్ మైదానంలో బీఎండబ్ల్యూ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ జరిగింది. అందులో మ్యాక్స్ హోమా అనే పేరున్న ఆటగాడు దగ్గర దూరం నుంచి బంతిని గుంటలోకి నెట్టబోతుండగా, చూడ్డానికొచ్చిన జనంలోంచి ఒకడు గట్టిగా అరిచాడు. బంతి పక్కకు పోవాలని అతని కోరిక. బంతి పక్కకు పోలేదు, గుంటలోనే పడింది. ఆట ముగిశాక హోమా ఆ సంగతి విలేకరులకు చెప్పాడు. అరిచినవాడికీ అతని స్నేహితుడికీ మధ్య పందెం నడుస్తోందట. పందెం విలువ మూడు డాలర్లు. అప్పటి రేటులో రెండువందల యాభై రూపాయలు.

టిక్కెట్టు కొనుక్కుని, ఎండలో నడిచి, ప్రపంచంలో మేటి ఆటగాళ్లను కళ్లారా చూడ్డానికి వచ్చిన మనిషి అతను. ఆ మూడు డాలర్లు లేకపోతే ఆ బంతి గుంటలో పడినప్పుడు చప్పట్లు కొట్టేవాడే. పెద్ద పందేలు కొంపలు ముంచుతాయని మనందరికీ తెలుసు, ఊరికో కథ ఉంది. చిన్న పందెం మాత్రం మనిషిని ఏమీ చేయదని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఈ అధ్యాయంలో విప్పి చూద్దాం. అందుకు గోల్ఫ్‌ను తీసుకోవడానికి కారణం ఉంది. పందెం ఎలా పనిచేస్తుందో ఇంత స్పష్టంగా చూపించే ఆట నాకు మరొకటి కనబడలేదు.

మా తడ ఊరికీ గోల్ఫ్‌కూ ఏం సంబంధం అంటారేమో. మా ఊరు మద్రాసు హైవే మీద ఆంధ్రకు చివరి గడప. దక్షిణాన ఆరంబాక్కం నుంచి తమిళనాడు, తూర్పున పులికాట్ సరస్సు, పడమటి దిక్కున శ్రీసిటీ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం. మాలో గోల్ఫ్ కర్ర చేతబట్టినవాళ్లు అరుదు. కానీ శ్రీసిటీలో జపాన్, కొరియా కంపెనీలున్నాయి, ఆ దేశాల్లో గోల్ఫ్‌కు ఉన్న మోజు అంతాయింతా కాదు. మన పిల్లలు అమెరికాలో ఉన్నారు. అందరి చేతిలోనూ ఫోన్ ఉంది. పైగా ఈ మధ్య ఆ ఆటలో మన పేర్లు వినిపిస్తున్నాయి. విశాఖపట్నంలో పుట్టి కెనడాలో పెరిగిన సుదర్శన్ యల్లమరాజు 2025 జనవరిలో బహామాస్‌లో కార్న్ ఫెర్రీ టూర్ అనే వరుసలో ఒక గోల్ఫ్ పోటీ గెలిచాడు. అంతకు ముందునుంచే సాహిత్ తీగల ఉన్నాడు. ఇక మాట ఎలా మొదలవుతుందో ఊహించడం కష్టం కాదు. "మనోడేనంట మావా, తెలుగోడే. వాడిమింద ఒక నూర్రూపాయలు ఏసి చూద్దాం. పోతే నూరే గదా!"

పోతే నూరే. సరే, ఆ తెలుగువాడి కథే చూద్దాం.

సాహిత్ తీగల 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. తల్లిదండ్రులవి హైదరాబాద్ మూలాలు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో మేటి ఆటగాడికిచ్చే పెద్ద పురస్కారాలన్నీ పట్టుకొచ్చాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్‌లో మూడు రోజుల ఆట ముగిసేసరికి అందరికన్నా ముందున్నాడు. ఆదివారం పదిహేడో హోల్‌కు, అంటే పదిహేడో గుంటకు, వచ్చేదాకా గెలుపు అందుబాటులోనే ఉంది. అక్కడ అతను కొట్టిన బంతి నేల మీద పడి, ఎడమవైపుకు దూకి, దొర్లుకుంటూ వెళ్లి నీళ్లలో పడింది. తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలిచే ఈ ఆటలో, సమంగా నిలిచినవాళ్లు మళ్లీ ఆడే ప్లేఆఫ్‌కు ఒక్క దెబ్బ తేడాతో దూరమయ్యాడు. ఆ రోజు గెలిచిన స్కాటీ షెఫ్లర్‌కు, అమెరికాలో పెద్ద గోల్ఫ్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో, అదే తొలి గెలుపు. అదే ఏడాది జూన్‌లో ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్. చివరి హోల్ దగ్గరికి ఒక దెబ్బ ఆధిక్యంతో వచ్చాడు తీగల. బంతి ఇసుక గుంతలో చిక్కింది, బయటకు తీయడానికి రెండు దెబ్బలు పట్టాయి, ఆ ఒక్క హోల్‌లోనే రెండు దెబ్బలు ఎక్కువైపోయాయి. జాండర్ షాఫ్లే కప్పు ఎత్తుకెళ్లాడు. తీగలకు తొలి గెలుపు దొరకడానికి 2023 సెప్టెంబరు దాకా పట్టింది. నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌ను రెండు దెబ్బల తేడాతో గెలిచాడు.

ఇప్పుడు అతన్ని అభిమానించే ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు ఫీనిక్స్‌లో ఆ బంతి నీళ్లలో పడగానే 'అయ్యో బిడ్డా' అనుకున్నారు. మరొకరి పందెం ఆ బంతి మీదే ఉంది. ఆ రెండో మనిషి నోటి వెంట ఏం వచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి చూడండి. 2024లో అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రోజున తీగల ఇసుక గుంతలోంచి బంతిని కొట్టాడు. కర్ర వెనక్కి తీస్తున్నప్పుడు ఇసుక తగిలిందేమోనని అనుమానం వచ్చింది. తనే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బల జరిమానా పడింది. చివరికి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. నాకు అతని గెలుపు కన్నా ఈ సంఘటనే గొప్పగా కనిపిస్తుంది. కానీ ఆ రోజు అతని మీద డబ్బు పెట్టినవాడికి ఆ నిజాయతీ నష్టంగానే కనబడి ఉండాలి. ఎవరికీ అప్పులేని ఒక కుర్రాణ్ని మన మనసులో మనకు బాకీదారుణ్ని చేస్తుంది పందెం. ఆ పని చేయడానికి దానికి లక్ష అవసరం లేదు, వంద చాలు.

ఇక లెక్కల్లోకి వద్దాం. ఓపిగ్గా చదవండి, ఇది అయిదో తరగతి లెక్కే.

క్రికెట్ మ్యాచ్‌లో ఉండేది రెండు జట్లు. గోల్ఫ్ పోటీలో నూటయాభై మంది దాకా ఉంటారు. గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. శుక్రవారం ఆట అయ్యాక సుమారు సగం మందిని ఇంటికి పంపేస్తారు, దాన్ని 'కట్' అంటారు. చివరికి గెలిచేది ఒక్కడు. టైగర్ వుడ్స్ అంతటివాడు పీజీఏ టూర్‌లో 370కి పైగా పోటీలు ఆడి 82 గెలిచాడు. శామ్ స్నీడ్‌తో సమానంగా ఆ రికార్డు అతనిదే. అంటే నాలుగైదు పోటీలకు ఒకటి. 2024లో షెఫ్లర్ ఆట చూసి ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. ఆ ఏడాది అతను పీజీఏ టూర్‌లో 19 పోటీలు ఆడి 7 గెలిచాడు. అంతటి ఏడాదిలో కూడా ఓడినవే ఎక్కువ, పన్నెండు. మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది! ఎంత బాగా తెలిసి ఎంచుకున్నా, గోల్ఫ్‌లో మీ మనిషి గెలవకపోవడమే మామూలు విషయం.

సరే, ఓడినవాటికి సరిపడా గెలిచినప్పుడు ఎక్కువిస్తారు కదా అంటారు. ఇస్తారు, కానీ సరిపడా ఇవ్వరు. అయిదుగురే ఆడే పోటీ అనుకోండి, అయిదుగురూ సమానమే. న్యాయంగా అయితే ఒకటికి నాలుగు ఇవ్వాలి. పందెం కట్టించుకునేవాడు ఒకటికి మూడే ఇస్తాడు. అయిదుగురి మీదా తలా వంద పెడితే మీ చేతి నుంచి 500 వెళ్తుంది. ఎవరు గెలిచినా తిరిగొచ్చేది మీ వందా, లాభం మూడు వందలూ కలిపి 400. మిగిలిన వంద అతనిది. వందకు ఇరవై కోత. రెండు జట్ల క్రికెట్ మ్యాచ్‌లో వందకు తొంభై లాభం ఇస్తారనుకుంటే ఆ కోత అయిదే. ఆటగాళ్లు పెరిగేకొద్దీ ప్రతి ఒక్కరి రేటులోనూ కొంత కొంత గిల్లుకోవచ్చు. నూటయాభై మంది ఉన్నచోట ఆ గిల్లుళ్లన్నీ కలిసి, పోటీ విజేత ఎవరనే పందెంలో వందకు పాతిక దాకా వెళ్లడం మామూలే. ఒకటికి యాభై, ఒకటికి వంద అని పెద్ద అంకెలు కనబడతాయి కాబట్టి ఆ గిల్లుడు కంటికి ఆనదు.

రాయలసీమ పాఠకులకు ఇది ఇంకోలా చెప్తే తొందరగా ఎక్కుతుంది. మట్కా మనకు కొత్త కాదు. 1960ల్లో బొంబాయిలో, న్యూయార్క్ పత్తి మార్కెట్ ధరల అంకెల మీద కాసిన పందెంగా మొదలై, తర్వాత కుండలోంచి చీటీలు తీసే ఆటగా మారి, కడప, అనంతపురం వీధుల దాకా వచ్చింది. రెండంకెల నంబరు తగలడానికి అవకాశం నూటికి ఒకటి. తగిలితే రూపాయికి డెబ్బయ్యో ఎనభయ్యో ఇస్తారు. అంటే కోత ఇరవై, ముప్పై. సందులో నిలబడి చీటీ రాసే మట్కా బీటర్‌ను చూసి మనం ముఖం తిప్పుకుంటాం. పచ్చటి గడ్డి, తెల్లటి బంతి, ఇంగ్లీషు వ్యాఖ్యానం ఉన్న గోల్ఫ్ పందెం మాత్రం పెద్దమనిషి వ్యవహారంలా అనిపిస్తుంది. వందలో మన చేతికి రానిది రెండు చోట్లా ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు ఆ 'నూరే గదా' దగ్గరికి వద్దాం. ఒక పందెం చిన్నదా పెద్దదా అని కొలవడంలోనే పొరపాటంతా ఉంది. గోల్ఫ్‌లో 'ఈచ్ వే' అని ఒక పద్ధతి ఉంది. మీ మనిషి గెలిస్తే కొంత, మొదటి అయిదారు స్థానాల్లో ఉంటే కొంత. వంద రూపాయల ఈచ్ వే అంటే రెండు పందేలు, కాబట్టి చేతి నుంచి పోయేది రెండు వందలు. ఒక్కడి మీద పెడితే ఏం లాభమని ముగ్గురి మీద పెడతారు. ఆరు వందలు. ఏడాదిలో పోటీలు నలభై వారాలు ఉంటాయనుకోండి. ఇరవై నాలుగు వేలు. దీన్ని మీ నెల జీతం పక్కన పెట్టి చూసుకోండి. వందకు పాతిక కోత లెక్కన అందులో ఆరు వేలు తిరిగి రానివే. అది సగటు మాత్రమే. గోల్ఫ్‌లో గెలుపు అరుదు కాబట్టి చాలామందికి ఆ ఏడాది మొత్తంలో పెద్ద గెలుపు ఒక్కటీ తగలదు. ఇరవై నాలుగు వేలు ఒకేసారి పెట్టమంటే తడలో ఎవరైనా చెయ్యెత్తి దండం పెట్టి వెళ్లిపోతారు. నలభై ముక్కలు చేసి అడిగితే ఎవరికీ నొప్పి తెలియదు. చిన్నదా కాదా అని తేల్చేది ఏడాది మొత్తం మాత్రమే, ఆ మొత్తానికి ముందే గోడ కట్టి ఉండాలి.

గెలిచినవాళ్ల కథలు చెప్పకుండా ఈ అధ్యాయం రాస్తే అన్యాయమవుతుంది. 2019 ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీలో టైగర్ వుడ్స్ గెలుస్తాడని ఒక అమెరికన్ లాస్‌వేగాస్‌లో 85 వేల డాలర్లు కాశాడు. రేటు ఒకటికి పద్నాలుగు. టైగర్ గెలిచాడు, ఆయన చేతికి 11 లక్షల 90 వేల డాలర్ల లాభం వచ్చింది. ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది. దాని తర్వాతి భాగం అంతగా తిరగలేదు. మరుసటి నెలలోనే ఆయన, ఆ ఏడాది మిగిలిన మూడు మేజర్ పోటీలూ (ఏడాదికి నాలుగే ఉండే అతి పెద్ద పోటీలు) టైగరే గెలుస్తాడని లక్ష డాలర్లు కాశాడు. మొదటిదైన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో టైగర్ కట్ కూడా దాటలేదు. లక్ష రెండు రోజుల్లో పోయింది. ఆయనకు లాభం ఇంకా చాలానే మిగిలింది, అది వేరే మాట. నేను చూడమనేది ఆయన అడుగును. గెలుపు ఆయన్ను ఆటలోంచి బయటకు పంపలేదు, ఇంకా లోపలికి లాక్కెళ్లింది. అంత గెలుపు ఎరగనివాళ్లను ఓటమి లాక్కెళ్తుంది. 'పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలి' అనే సామెతను జూదమాడేవాళ్లు వాడినంతగా ఇంకెవరూ వాడరు.

ఆట బాగా తెలిస్తే నష్టం రాదు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఫిల్ మికెల్సన్ కన్నా గోల్ఫ్ తెలిసినవాళ్లు భూమ్మీద ఎంతమంది ఉంటారు? ఆరు మేజర్లు గెలిచిన మనిషి. తన పందేలు అదుపు తప్పి వ్యసనమయ్యాయని, దానివల్ల తన ఇంటివాళ్లు ఎంత బాధపడ్డారో ఆయనే 2023 సెప్టెంబరులో బహిరంగంగా రాశాడు. ఆటల పరిజ్ఞానం ఆయన్ను కాపాడలేదు. ఆట గురించి తెలియడం ఒకటి, తన గురించి తనకు తెలియడం ఇంకొకటి.

మనకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటి చెప్పాలి. అమెరికాలో ఆదివారం సాయంత్రం ముగిసే ఆట మనకు సోమవారం తెల్లవారుజామున ముగుస్తుంది. మాస్టర్స్ చివరి రోజైతే నాలుగు దాటుతుంది. శ్రీసిటీలో పొద్దున షిఫ్టుకు వెళ్లాల్సిన కుర్రాడు ఆ వేళకు కంపెనీ బస్సు కోసం లేచి తయారవ్వాలి. వంద రూపాయల కోసం రాత్రంతా ఫోన్ చూసి, మిషన్ దగ్గర కునికిపాట్లు పడితే పోయేది వంద కాదు, వేలో చెయ్యో. శుక్రవారం రాత్రి ఇంకో గండం. కట్‌లో మీ మనిషి పోతే ఆదివారం దాకా చూడ్డానికి ఏమీ మిగలదు. ఆ ఖాళీలోనే 'ఆట నడుస్తుండగా' కాసే పందేలు చేతికి తగులుతాయి. తర్వాతి హోల్ ఎవరిది, తర్వాతి పుట్ (బంతిని గుంటలోకి నెట్టే దెబ్బ) పడుతుందా లేదా. నాలుగు రోజుల ఆట నిమిషాల ఆటగా మారేది అక్కడే. ఎవరేం చెప్పినా సరే, ఆ పందేల జోలికి మాత్రం పోకండి. వాటిలో ఆలోచనకు చోటే ఉండదు.

చట్టం గురించి సూటిగా చెప్తాను. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నాటిది. 2020లో దాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని అందులోకి తెచ్చారు. సరిహద్దు దాటితే తమిళనాడు 2022 చట్టం ఉంది. రెండింటి మీదా 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఉంది. దాని ప్రకారం డబ్బు ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిచ్చినా శిక్షే. ఆ దెబ్బకు డ్రీమ్11 లాంటి కంపెనీ డబ్బు పోటీలు ఆపేసింది. భారత క్రికెట్ జట్టు చొక్కా మీద ఆ పేరు కూడా పోయింది. 'గోల్ఫ్ నైపుణ్యం ఆట కదా' అనే వాదన ఒకటి వినిపిస్తుంది. రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1968లో మన రాష్ట్రం కేసులోనే చెప్పింది నిజమే. కానీ కొత్త చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడదు, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడుతున్నారా లేదా అనే చూస్తుంది. అయినా నైపుణ్యం కొట్టేవాడిది. కాసేవాడిది కాదు.

'అమెరికాలో మా బావ ఉన్నాడు, న్యూజెర్సీలో చట్టబద్ధమే, ఆయన ఖాతాలో పెట్టిస్తా' అనే దారి కూడా మూసే ఉంది. లాటరీలకూ స్వీప్‌స్టేక్‌లకూ ఇక్కణ్నుంచి డబ్బు పంపడాన్ని విదేశీ మారక నిబంధనలు నిషేధించాయి. ఒకరి ఖాతాలో మరొకరి పందెం అక్కడి కంపెనీలు ఒప్పుకోవు. పైగా బావకూ మీకూ మధ్య తేడా వస్తే కోర్టుకు వెళ్లలేరు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పోయేది డబ్బు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, ఆ బావతోనే మాటలు లేకుండా పోతే ఏం చేస్తారు?

మరి ఆ బావకు ఏం చెప్పాలి? అమెరికాలో 2018 మేలో సుప్రీంకోర్టు తీర్పుతో ఆటల పందేలను అనుమతించే స్వేచ్ఛ రాష్ట్రాలకు వచ్చింది, న్యూజెర్సీలో ఆ వేసవిలోనే మొదలైంది. అక్కడ, ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో చట్టబద్ధంగా చిన్న మొత్తాలు కాసే తెలుగువాళ్లకు నా సలహా ఇది. ఏడాదికి ఎంత పోగొట్టుకోవడానికి సిద్ధమో జనవరిలోనే ఇంట్లో భార్యకో భర్తకో చెప్పి రాసుకోండి. చెప్పడానికి నోరు రాకపోతే ఆ మొత్తం ఎక్కువన్నమాట, తగ్గించండి. ఖాతాలో డిపాజిట్ పరిమితి పెట్టే సౌకర్యం ఉంటుంది, మొదటి రోజే పెట్టేయండి, రెండో రోజు మనసు మారుతుంది. గురువారం కాయడం అయిపోయాక ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేసి సోమవారం మళ్లీ చూసుకోండి. గెలిస్తే తర్వాతి పందెం పెంచొద్దు, ఓడితే అసలే పెంచొద్దు. కంపెనీ 'ఉచిత పందెం' ఇస్తానంటే అది ఎవరి డబ్బుతో ఇస్తోందో పైన వేసిన లెక్కలోనే ఉంది. క్రెడిట్ కార్డు, అప్పు యాప్ డబ్బు వద్దు. ఒక నోటు పుస్తకంలో ప్రతి పందెమూ రాయండి, తేదీ, పేరు, రేటు, ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం. మూడు నెలలకోసారి ఆ కారణాలు చదివితే మీ తెలివి ఎంతో మీకే తెలుస్తుంది. నా మటుకు నాకు, ఆ పుస్తకం రాయలేనివాళ్లు కాయకూడదు.

ఈ పాటికే లోతుకు వెళ్లిపోయినవాళ్లు ఉంటారు. డబ్బు గురించి ఇంట్లో అబద్ధం చెప్పడం మొదలైందా? పోయినదాన్ని రాబట్టడానికే తర్వాతి పందెం కాస్తున్నారా? తీరుస్తామో లేదో తెలియకుండానే అప్పు చేశారా? ఒక్కదానికి అవునన్నా ఈ పుస్తకం చాలదు. 14416కు ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు. తెలియని యాప్ డబ్బు లాక్కుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల ఫోన్ నంబరు 1930కు చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు, మికెల్సన్ అంతటివాడు పది మందిలో చెప్పుకున్నాడు. కొడుకో తమ్ముడో ఈ స్థితిలో ఉన్నాడని తెలిస్తే కొట్టడం, తిట్టడం, అప్పు తీర్చేసి చేతులు దులుపుకోవడం, ఈ మూడూ పనిచేయవు. అప్పుల జాబితా కూర్చుని కలిసి రాయండి. ఫోన్‌లోని చెల్లింపుల యాప్ కొన్నాళ్లు ఇంకొకరి చేతిలో ఉండాలి. పక్కన ఎవరైనా ఉండటమే అప్పుడు అన్నిటికన్నా పెద్ద సాయం.

తడలోనే ఉండి గోల్ఫ్ మీద ఆసక్తి పుట్టినవాళ్లకు డబ్బు అక్కర్లేని దారి ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. ముందుగా ఊహించడంలో నిజంగానే ఆనందం ఉంది. పేరు చెప్పి, నాలుగు రోజులు ఎదురుచూసి, సరైందో కాదో తేల్చుకోవడం మెదడుకు మంచి కసరత్తు. దాన్ని డబ్బు నుంచి విడదీస్తే చాలు. నలుగురైదుగురు కలవండి. తలా వంద చింతగింజలు లెక్కపెట్టి డబ్బాలో వేసుకోండి. ఏడాదికి అవే వంద. అయిపోతే కొత్త గింజలు ఇవ్వరు, ఎవరూ ఎవరికీ అప్పివ్వరు. ఏప్రిల్‌లో మాస్టర్స్, మేలో పీజీఏ ఛాంపియన్‌షిప్, జూన్‌లో యూఎస్ ఓపెన్, జులైలో బ్రిటన్ వైపు జరిగే ది ఓపెన్, ఈ నాలుగు మేజర్లు చాలు. వారం వారం ఆడొద్దు.

పేపర్లో వచ్చే ప్రపంచ ర్యాంకులు చూసి ఒక్కో పోటీకి ఆరుగురిని ఎంచుకోండి. మొదటి పది ర్యాంకుల్లోంచి ఇద్దరు, యాభై లోపు ఇద్దరు, ఆపైన ఇద్దరు. ఒక్కొక్కరి మీద ఎన్ని గింజలో రాయండి. మీ మనిషి మొదటి పది మందిలో ముగిస్తే పెట్టిన గింజలకు రెట్టింపు, గెలిస్తే పది రెట్లు. కట్ దాటకపోతే పెట్టినవి పోయినట్టే. కట్ దాటి పది లోపల రాకపోతే సగం వెనక్కి. ప్రతి వరుసలోంచీ ఇద్దరిని ఎంచుకోవాల్సిందే కాబట్టి ర్యాంకు కింద ఉన్నవాళ్లను వెతికి పట్టుకోవడంలోనే తెలివంతా కనిపిస్తుంది. ఎవరికి పచ్చిక తడిగా ఉంటే బాగుంటుంది, ఎవరు గాలిలో ఆడగలరు, సముద్రపు ఒడ్డు మైదానాల్లో ఎవరి పేరు పైకొస్తుంది అని చదువుతారు. ఆట నిజంగా తెలిసేది అప్పుడే. రెండు మేజర్లు తిరిగేసరికి కొందరి డబ్బా ఖాళీ అవుతుంది. డబ్బైతే ఆ ఖాళీ ఎంత వేగంగా వస్తుందో ఆ డబ్బా చూపిస్తుంది, నేను పేజీలకు పేజీలు రాసినా అంత బాగా చెప్పలేను.

ఇంకో నియమం తప్పనిసరి. ఏడాది చివర ఎక్కువ గింజలున్నవాడు అందరికీ టీ, బజ్జీలు ఇప్పించాలి. ఓడినవాళ్లు కాదు, గెలిచినవాడు. దానివల్ల గెలిచినవాడికి మిగిలేది పేరు మాత్రమే, ఓడినవాడికి బజ్జీ. ఎవరి కడుపూ మండదు, తీగల బంతి నీళ్లలో పడినా అతని మీద ఎవరికీ కోపం రాదు. కాగితాలు ఆట మొదలవకముందే ఒకరి దగ్గర చేరాలి, మాస్టర్స్‌కైతే గురువారం సాయంత్రం అయిదు లోపు, మొదటి రోజు ఆట ఇంచుమించు ఆ వేళకే మన గడియారంలో మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చిన కాగితం, పులికాట్ నుంచి పడవ ఆలస్యమైందన్నా, లోకల్ ట్రైన్ సూళ్లూరుపేటలో ఆగిపోయిందన్నా, ఆ పోటీకి తీసుకోకూడదు.